నా లెక్కల గుట్టు కంప్యూటర్‌కు తెలిసిపోయింది

మదనపల్లె, 1986, శుక్రవారం రాత్రి

...నిన్న భయపడినట్టే అయింది. స్కూలుకు కొత్తగా వచ్చిన కంప్యూటర్ ముందు మొదట నన్నే కూర్చోబెట్టారు, లెక్కల్లో ఫస్ట్ ర్యాంకు కదా! ఆ ర్యాంకు నా పక్కన కూర్చునే షమీమ్ పేపర్లోంచి వస్తుందని మా ఇద్దరికే తెలుసు.

ఒప్పు చెబితే అది కష్టమైన లెక్క ఇస్తుంది, తప్పు చెబితే తేలికైనది ఇస్తుంది. నాకు దిగుతూ దిగుతూ ఏడు ప్లస్ ఐదు దగ్గరికి వచ్చింది.

లెక్కల సార్ అదిరిపడ్డాడు. "మిషన్‌కు దిష్టి తగిలుండాది. బొట్టు పెట్టకుండా యాల ఆన్ చేస్తిరప్పా?" అని నిమ్మకాయ తెప్పించి దిగదీశాడు.

"మిషన్ బాగానే ఉండాది మే," అని షమీమ్ నా చెవిలో నవ్వింది.

"ముందు ముందు ఒక్కొక్కరికీ ఒక మిషన్ వస్తాదమ్మా. ఎవురికి యాడ రాదో అదే కనిపెట్టి ఆణ్నించి నేర్పిస్తాది," అన్నాడు సార్ సంబరంగా.

అప్పుడు నేను ఎవరి పక్కన కూర్చోవాలి? నిజానికి అది నన్ను తిట్టలేదు. ఒంటరిగా దొరికితే దాని దగ్గరే నేర్చుకుందును. కానీ సోమవారం అందరి ముందూ మళ్లీ నేనేనట...

నాన్న తలుపు కొడుతున్నాడు. "పాపా, తలుపు తీ! పక్కింటి పిల్లోళ్లకు రేపట్నించి నువ్వే లెక్కలు సెప్తావని మాటిచ్చొచ్చినా!"

ఈ పేజీలు పరుపు కింద దాచి...