రెండోసారి చెప్పిన ప్రార్థన

సువార్తక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బతికున్నన్నాళ్లూ నువ్వు రమ్మన్న బోరబండ చర్చికి పొద్దున వెళ్లాను. కొంగు తలమీద కప్పుకుని, వెనకాల చాప మీద కూర్చున్నాను.

ప్రభువును అంగీకరించేవాళ్లు లేచి నిలబడమన్నారు పాస్టరుగారు. లేచాను. ఆయన వెనకే ఒక్కో మాటా పలికాను: "ప్రభువా, నేను పాపిని. నన్ను చేర్చుకో."

పక్కనున్న పెద్దామె కళ్లు తుడుచుకుంది. అప్పుడొచ్చింది నాకు అనుమానం. నా గొంతులో పలికిన ఆ వణుకు నాది కాదు. ఇరవయ్యేళ్లుగా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో హీరోయిన్లకు ఏడ్చిపెడుతున్న ఏడుపు అది.

"సారీ అండీ, ఇంకో టేక్ చెప్తా," అనేశాను.

అందరూ నవ్వారు. "దేవుడు ఫస్ట్ టేకే ఓకే చేస్తడమ్మా," అన్నారు పాస్టరుగారు.

"ఆయన చేస్తాడేమో గానీ, అది నా గొంతు కాదండీ."

డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నా పక్కన నిలబడి నువ్వు ఆటపట్టించేదానివి: "అందరి కోసం ఏడుస్తవ్ చెల్లె, నీ కోసం ఎప్పుడేడుస్తవే?"

మళ్లీ చెప్పాను. గొంతు బొంగురుగా వచ్చింది. "పాపిని" దగ్గర ఆగిపోయాను. ఆసుపత్రిలో నువ్వు ప్రార్థన చెయ్యమంటే, నాకు రాదంటూ తప్పించుకున్నది గుర్తొచ్చింది. మిగతా మాటలూ చెప్పాను. అనుమానాలు ఇంకా ఉన్నాయక్కా. వాటితో సహా చేర్చుకోమన్నాను.

ఈసారి పెద్దామె ఏడవలేదు. నా చెయ్యి పట్టి కిటికీ పక్కకు తీసుకెళ్లింది.

"ఈడ కూసో బిడ్డా. ఇది మా సువార్త జాగ."