మూడో సంపుటం తెరిపించమని

తేదీ: నవంబరు 6, గురువారం

గ్రంథాలయ శాఖలో పాత పుస్తకాల అంతర్జాల విభాగాన్ని చూసే అధికారి గారికి,

అయ్యా,

విషయం: యంత్రమని పొరబడి నిలిపివేసిన నా పాఠక ఖాతాను తక్షణం తెరిపించుట గురించి.

ఈ ఉదయం డాక్టరు గారు మా అక్కను చూసి, గుమ్మం దగ్గర నన్ను పక్కకు పిలిచి, "ఇక మందులతో ఆవిణ్ణి విసిగించకండి. ఏది అడిగితే అది ఇవ్వండి" అన్నారు. అక్క అడిగేది ఒక్కటే. అది తమ శాఖ తాళం కింద ఉన్నది. కనుక ఆలస్యం చేయక ఈ దిగువ సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. నేను పదవీ విరమణ చేసిన షార్ట్‌హ్యాండ్ ఉపాధ్యాయురాలిని. మనవలున్నదాన్ని. మా అక్కకు చూపు పోయింది. తమ శాఖవారు పాత నవలలను పేజీ పేజీ ఫొటో తీసి, ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా చదువుకోవచ్చునని పెట్టినప్పటి నుంచి, ఆవిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని రోజూ చదివి వినిపిస్తున్నాను.

2. చదువుతున్నది మూడు సంపుటాల నవల. ఒక పడవవాడి పడవలోంచి నది మధ్యలో ఒక షావుకారు పడి చనిపోతాడు. పడ్డాడా, పడవవాడు తోశాడా అన్నది కేసు. మా చిన్నతనంలో మొదటి రెండు సంపుటాలే దొరికాయి. తీర్పు మూడోదానిలో ఉన్నది. అతను తోయలేదని అక్క, తోశాడని నేను. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది, ఈ తగువు మాత్రం తెగలేదు. నా పురిటి గదికి వచ్చి, బిడ్డను చూడకముందే, "ఇప్పటికైనా ఒప్పుకుంటావా?" అని అడిగిన మనిషి ఆవిడ.

3. మూడో సంపుటంలో జడ్జి గారు తీర్పు చెప్పడానికి కళ్ళజోడు పెట్టుకున్న చోట పేజీ తిప్పాను. తెర తెల్లబడి, "మీరు యంత్రమని గుర్తించినందున మీ ఖాతా నిలిపివేయబడినది" అని వచ్చింది. అక్క "ఊఁ, చదువు" అన్నది. ఈ పూటకు చాలని లేచాను.

4. సదరు విషయమై తమ సహాయ కేంద్రానికి ఫోను చేయగా, ఒక అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"అమ్మా, మీరు ప్రతి పేజీకీ ఒకే టైము తీసుకుంటున్నారండీ. మనుషులు అలా చదవరు. పుస్తకాలన్నీ లాగేసుకునే ప్రోగ్రాములు అలా చేస్తాయి."

"నేను డిక్టేషన్ చెప్పినదాన్నమ్మా. నిమిషానికి ఇన్ని మాటలని నా గొంతు అలాగే వెళుతుంది."

"కాస్త మనిషిలా చదవండి మరి. మధ్యలో ఆగండి, వెనక్కి వెళ్ళండి."

"ఎందుకు వెళ్ళాలి? నాకు అర్థమైంది కదా."

"అదేనమ్మా సమస్య. అయినా ఉచితంగా ఇస్తున్నది కదా, దీనికి ఫిర్యాదేమిటండీ?"

ఉచితమైనా ఇస్తామన్నది ఇవ్వాలని చెప్పి ఫోను పెట్టేశాను.

5. మా మనవరాలు తన పేరుతో ఖాతా తెరిచి ఇచ్చింది. ఫోనులో ఆ అమ్మాయి చెప్పినట్టే ఆగాను, వెనక్కి వెళ్ళాను. "నత్తి వచ్చిందా నీకు? డాక్టరు నిన్ను కూడా చూసి పోవలసింది" అని అక్క కసిరింది. మళ్ళీ మామూలుగా చదివాను. రెండు పేజీలు తిరగకముందే, తీర్పు ఇంకా రాకుండానే, మనవరాలి ఖాతాతో పాటు మా ఇంటి కనెక్షనంతా మూసివేశారు. మనిషినని రుజువు చేసుకోవడానికి సైకిళ్ళున్న బొమ్మలన్నీ గుర్తించమన్నారు. ఒక బొమ్మలో సైకిలు సీటు మాత్రమే ఉన్నది. సీటును సైకిలు అనలేను. గుర్తించలేదు. తప్పన్నారు.

6. అచ్చు ప్రతి కోసం స్వయంగా తమ గ్రంథాలయానికి వెళ్ళాను. ఫొటోలు తీసిన తరువాత శిథిల ప్రతిని తొలగించడమైనదని చెప్పారు. బయట పాత పుస్తకాల కొట్లలో అడిగిన చోటల్లా ఆ పుస్తకం పేరైనా వినలేదన్నారు.

7. ఇక్కడి నుంచి రాయడానికి నాకు సిగ్గుగా ఉన్నది, అయినా దాచను. పుస్తకం మూసుకుపోయిందని అక్కకు చెప్పలేకపోయాను. నల్లటి తెరను ఒళ్ళో పెట్టుకుని, కథ నేనే కల్పించి చదువుతున్నాను. తీర్పు మాత్రం నోట రాలేదు. జడ్జి గారికి జ్వరం తెప్పించి వాయిదా వేశాను. తరువాత కోర్టుకు సెలవులిచ్చాను. మళ్ళీ జ్వరం తెప్పించాను. పడవవాడి భార్యను మధ్యలో ఊరికే కూర్చోబెట్టడం నచ్చక ఆవిడ చేత ఇల్లు సర్దించాను, బట్టలు మడత పెట్టించాను, పిల్లలకు ఎక్కాలు నేర్పించాను.

నిన్న అక్క అన్నది: "ఈ పుస్తకంలో ఈ మధ్య అందరూ వేళకు పడుకుంటున్నారేమిటే?"

"పాత రోజులు కదా," అన్నాను.

"ఆ జడ్జి ఎన్నిసార్లు మంచం పడతాడే? నాకంటే ముందు పోయేలా ఉన్నాడు."

నవ్వబోయింది. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. నీళ్ళు రెండు గుటకలు కూడా దిగలేదు. నా చెయ్యి పట్టుకుని, "త్వరగా చదువు," అన్నది. చిన్నప్పటి నుంచి నన్ను శాసించిన మనిషి. మొదటిసారి బతిమాలింది.

అయ్యా, ఏదో ఒక తీర్పు చెప్పి ముగించవచ్చు కదా అని తమరు అనవచ్చు. మనవరాలు కూడా అన్నది. నా తీర్పు ఆవిడ ఎప్పుడో విన్నది, ఒప్పుకోలేదు. ఇప్పుడు నేను మాట మార్చి విడుదల చేయిస్తే, పోయేదాన్ని కదా అని జాలిపడ్డావా అంటుంది. శిక్ష వేయిస్తే, ఈ సమయంలో కూడా గెలవాలా నీకు అంటుంది. రాసినాయన చెప్పినదైతే ఇద్దరం తల వంచుతాము.

నా విన్నపాన్ని దయతో చిత్తగించి, నిబంధనల కంటే ముందు మంచం మీది మనిషిని చూడవలసిందిగా వేడుకుంటూ,

తమ విధేయురాలు,
పై ఖాతాదారు (మనిషి)

తా.క. జరగవలసినవి వరుసగా రాస్తున్నాను. వరుస తప్పవద్దు.

1. ఈ అర్జీ అందిన పూటే ఖాతా తెరవాలి. నేను మనిషినా కాదా అన్న విచారణ తరువాత తీరిగ్గా పెట్టుకోవచ్చు, ఎక్కడికి రమ్మన్నా వస్తాను.

2. ఖాతా తెరవడానికి పైవారి అనుమతి కావాలంటే, తీర్పు ఉన్న అధ్యాయం మాత్రం కాగితాల మీద తీసి ఎవరి చేతనైనా పంపాలి. తలుపు తీసే ఉంటుంది, గంట కొట్టనక్కరలేదు.

3. అదీ కుదరకపోతే తమరే ఫోను చేసి చదవాలి. అక్కకు కుడి చెవి బాగా వినిపిస్తుంది. ఫోను ఆ చెవి దగ్గర పెట్టి నేను ఎదురుగా కూర్చుంటాను. తమరు ఆగినా, తడబడినా ఏమీ అనను.

4. రేపు పొద్దున్న జడ్జి గారు తప్పకుండా కోర్టుకు వస్తారని అక్కకు మాట ఇచ్చాను. ఇవ్వక తప్పలేదు. అప్పటికి తమ నుంచి ఏదీ రాకపోతే, నిర్దోషి అని నేనే చదువుతాను. అక్క నమ్మదు. పుస్తకం పంపండి.