ఎనిమిది నెలల ఆకలి

అమ్మడూ, నీ విశ్వాసం చచ్చిపోలేదు, ఆకలితో ఉంది. ఆ మాత్రానికే ఆదివారం పిల్లలకు పాఠం చెప్పడం మానేస్తానని రాస్తావా? నాకూ ఎనిమిది నెలలపాటు ప్రార్థన రాలేదు. చర్చిలో ఊరికే పెదవులు కదిపి వచ్చేదాన్ని. మొన్న పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేయమంటే, కంగారులో "ప్రభువా, ఈ భోజనం కోసం వందనాలు" అనేశాను. వెనక వరుసలోంచి మా వీధి దర్జీ, "మామ్మగారూ, ఆకలేస్తోందా?" అన్నాడు. "ఎనిమిది నెలల్నుంచీ నాయనా" అన్నాను. అందరూ నవ్వారు. నాకు కన్నీళ్లొచ్చాయి, వాటి వెంటే ప్రార్థనా వచ్చింది.

నువ్వేమో లోపల తడి లేకపోయినా ఒక్క ఆదివారం కూడా ఎగ్గొట్టలేదు. నా మనవరాలని సంఘమంతా చెప్పుకుని తిరుగుతున్నాను, నా పరువు తీయకు.

నువ్వు కొనిచ్చిన కళ్లజోడు కాడ ఊడి నెలలయింది. బైబిలు మళ్లీ తెరిచాను కాబట్టి ఇప్పుడు దాంతో పనిపడింది. అది కొన్న దుకాణంలోనే అడిగి, వచ్చేటప్పుడు చిన్న స్క్రూ పట్టుకురా.

దీవెనలతో,
అమ్మమ్మ