ముఖ్య అతిథి లేకుండా రబ్బరు రాకెట్ల పందెం

గౌరవనీయులైన సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

విషయం: క్వార్టర్స్ హాలులో పిల్లల రబ్బరు రాకెట్ల పందెం తిరిగి జరిపించుట గురించి, అందుకు హాలు తాళంచెవి ఇప్పించుట గురించి, తమరు రాకుండుట గురించి.

అయ్యా,

నేను దారపు మిల్లులో దారం చుట్టే కండెల సెక్షన్లో పనిచేసే కార్మికుడిని. నా పేరు ఇక్కడ వేరే రాయనక్కరలేదు. పందెం రోజున నేను వేదిక మీద మాట్లాడాక తమరే అటెండరు చేత రాయించుకున్నారు. చదువు నాకు బడిలో అబ్బింది తక్కువ, మిల్లు గోడల మీది నోటీసులు చదివి నేర్చుకున్నది ఎక్కువ. కాబట్టి ఇది కూడా నోటీసులాగే ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా మనిషి మాట్లాడినట్టు వస్తే మన్నించగలరు.

తమ రిపోర్టులో "ఈ క్వార్టర్స్ పిల్లల రాకెట్లు కదలలేదు, వీరికి తగిన ప్రమాణాలు లేవు, నగర పోటీకి ఎవరినీ పంపనక్కరలేదు, ఆదివారాలు హాలు మూసి ఉంచవలెను" అని రాశారు. ఆ కాగితం హాలు తలుపుకు అంటించి, దాని కిందే తాళం వేశారు. నగర పోటీకి పేర్లు పంపడానికి గడువు ఈ నెలాఖరు. ప్రతి హాలు నుంచీ ఒక పిల్లో పిల్లాడో వెళ్తారు. మా హాలు నుంచి ఎవరూ వెళ్ళరు. ఈ విషయమై తెలియజేసుకొనునది ఏమనగా:

1. రాకెట్లను తమరు చూశారు గానీ, పరుగెత్తుతుండగా చూడలేదు గనుక చెబుతున్నాను. మిల్లులో దారం అయిపోయాక పారేసే అట్ట గొట్టం దాని ఒళ్ళు. లోపల ఈ చివర నుంచి ఆ చివరకు రబ్బరు బ్యాండ్లు. తోకకు పాత డబ్బా రేకు కోసి చేసిన ఫ్యాను. వీపున తీగ కొక్కెం. హాలులో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి వరుసగా కట్టిన నైలాన్ దారాల్లో ఒకదానికి దాన్ని తగిలిస్తారు. ఫ్యానును వేలితో తిప్పుతూ పోతే లోపల రబ్బరు మెలి తిరుగుతుంది. వదిలితే ఆ మెలి విప్పుకుంటూ ఫ్యాను తిరుగుతుంది, రాకెట్టు దారం వెంట పరుగెడుతుంది. మందు లేదు, మంట లేదు, కరెంటు లేదు. ఎవరిది ముందు అవతలి కిటికీని తాకితే వాళ్ళు గెలిచినట్టు.

2. పందెం ముందురోజు సాయంత్రం ఇవే రాకెట్లు ఇదే హాలులో పరుగెత్తాయి. మా అక్క కూతురిది (మనిషి చీపురుపుల్ల, నోరు రంపం) అవతలి కిటికీకి కొట్టుకుని ముక్కు సొట్టపోయింది. సరిచేస్తానంటే ఇవ్వలేదు. "ఉండనీ మామా, అక్కడిదాకా పోయిందని అందరికీ తెలియాలిగా" అంది.

3. పందెం రోజు పొద్దున పిల్లలు వరుసగా నిలబడ్డారు. తమ అటెండరు ఫోను చెవికి ఆనించుకుని వచ్చి, "సార్ బయల్దేరారు. రాగానే జెండా ఊపుతారు. ఆయన్ని నిలబెట్టి మీరు తిప్పుతూ కూర్చుంటే బాగోదు, ఇప్పుడే తిప్పి పెట్టుకోండి" అన్నారు. మర్యాద తెలిసిన మాటే కదా అని మేమూ సరేనన్నాం. పిల్లలు రబ్బరు నిండా తిప్పి, ఫ్యాను కదలకుండా వేలు అడ్డం పెట్టుకున్నారు.

తప్పు ఇక్కడ జరిగింది. తిప్పిన రబ్బరును వెంటనే వదిలెయ్యాలి. మెలేసి అలాగే పట్టి ఉంచితే అది లోపల్లోపలే చచ్చుబడిపోతుంది. ఈ సంగతి అప్పటికి అటెండరుకు తెలియదు, నాకూ తెలియదు. మేం ఎప్పుడు ఆడినా తిప్పిన వెంటనే వదిలేవాళ్ళం. తిప్పి ఒకరి కోసం కాచుకోవలసిన అవసరం అంతవరకు మాకు రాలేదు.

4. తమరు రాలేదు.

5. కాసేపటికి "సార్ దారిలో ఉన్నారు" అన్నారు. ఇంకాసేపటికి "వీధి మలుపులో ఉన్నారు" అన్నారు. ఆ మలుపు ఏ దేశంలో ఉందో మాకు అర్థం కాలేదు. పిల్లలు ఈ వేలు నొప్పి పుడితే ఆ వేలు మార్చుకున్నారు. ఒకడికి ఒంటేలు వస్తే పక్కవాడు వాడి రాకెట్టు కూడా పట్టుకుని, రెండు చేతులా రెండు బిగించి నిలబడ్డాడు. ముక్కు గోక్కోవడానికి కూడా వాడికి వేలు లేదు. మా అక్క కూతురు ఉండబట్టలేక అటెండరును అడిగింది.

"అంకుల్, విప్పేసి మళ్ళీ తిప్పుకోవచ్చా?"

"విప్పావంటే సరిగ్గా అప్పుడే వచ్చేస్తారమ్మా."

"అయితే విప్పుతా. వచ్చేస్తారుగా."

"నీకు దణ్ణం పెడతానమ్మా, నా ఉద్యోగం మీదికి తేకు."

ఆ మాటకు అది మెత్తబడి ఊరుకుంది. అటెండరును నేను తప్పుపట్టడం లేదు. ఆయనా పొద్దుటినుంచి ఏమీ తినకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

6. తమరు భోజనాల వేళ దాటాక వచ్చారు. ఆలస్యం ఎందుకైందో మేం అడగలేదు, తమరు చెప్పలేదు. ముందు ఉపన్యాసం అన్నారు. అది సాగినంతసేపూ పిల్లల వేళ్ళు ఫ్యాన్ల మీదే ఉన్నాయి. పిల్లలకు ఓర్పు ఉండాలని తమరు సెలవిచ్చారు. తర్వాత జెండా ఊపారు. నాలుగు దారాల మీద నాలుగు రాకెట్లు జానెడు కదిలి ఆగిపోయాయి. ఒకదానిలో రబ్బరు తెగి గొట్టం టప్పుమంది. తమరు పక్కాయనతో "దీనికా నన్ను పిలిచింది" అన్నారు. మైకు ఆన్‌లోనే ఉంది.

7. అప్పుడు నేను వేదిక మీదికి వచ్చిన మాట నిజం. "కొంచెం ఆగండి సార్, కొత్త రబ్బరు వేసి పరుగెత్తించి చూపిస్తాం" అన్నాను. తమరు వాచీ చూసుకుని "నాకు ఇంకో ప్రోగ్రాం ఉంది, నా టైము నీ చేతిలో ఉందనుకోకు" అన్నారు. దానికి నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను, తమ రికార్డులో ఉంది. "నీ నోటి దురద వల్ల పిల్లలకు హాలు పోయిందిరా, వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకో" అని మా అక్క ఇంట్లో కూర్చోనివ్వడం లేదు. అక్క మాట కాదనలేక ఆ జవాబును ఇందుమూలముగా వెనక్కి తీసుకుంటున్నాను. కాళ్ళు పట్టుకుందామని కూడా వచ్చాను. సీటులో కాళ్ళు లేవు.

8. షిఫ్టు దిగి, నెత్తి మీది దూది దులుపుకుని తమ ఆఫీసుకు వస్తూనే ఉన్నాను. వరండాలో బల్ల మీద కునుకు పడితే లేపి "ఇక్కడ పడుకోకూడదు" అంటారు. మెలకువగా కూర్చుంటే "సారు లేరు" అంటారు. నేను కోపిష్టినని మిల్లులో పేరు. ఆ పేరు నిలబెట్టుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు. కోపం కూడా ఓవర్‌టైమ్ లాంటిదే, ఒంట్లో సత్తువ మిగిలితేనే చెయ్యగలం. పిల్లలు మాత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి "పందెం ఎప్పుడు అన్నా?" అని అడుగుతున్నారు. మొన్న ఒకడికి "ఇదిగో, వచ్చేస్తోంది, దారిలో ఉంది" అని చెప్పాను. చెప్పాక, ఇది నా మాట కాదే అనిపించింది.

9. రాకెట్లు కదలలేదని తమ రిపోర్టులో ఉంది. నిజమే. ఎందుకు కదలలేదో అందులో లేదు. ప్రమాణాలు లేనిది పిల్లలకు కాదు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా, పిల్లల గురించి రాసిన ఆ ఒక్క వాక్యం కొట్టివేయించండి. గడువు దాటకముందే ఒక ఆదివారం హాలు తెరిపించండి. పందెం ఆఫీసు మనిషి ఎదుటే జరగాలని, హాలులోనే జరగాలని నిబంధన గనుక అటెండరు గారిని పంపితే చాలు. ఆయనకు కుర్చీ, భోజనం మేం చూసుకుంటాం. గెలిచిన వాళ్ళ పేరు కింద సంతకం తమరు ఆఫీసులో కూర్చునే పెట్టవచ్చు. వేదిక వద్దు, మైకు వద్దు, జెండా వద్దు. ఒకటి, రెండు, మూడు అని పిల్లలే అనుకుంటారు. వాళ్ళకు మూడు వరకు వచ్చు.

కూర్చుని చదవడానికి వీలుకాకపోతే నడుస్తూనో, కారులోనో అయినా సరే, ఈ మనవిని తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ కాగితం మీద),
కండెల సెక్షన్ కార్మికుడు,
క్వార్టర్స్ పిల్లల తరఫున

తా.క.: దీనికి ముందు రాసిన అర్జీ వేరే ఉంది. అది మా అక్క కూతురు చదివి నా ఎదుటే చింపేసింది.

"ఆయన్ని తిట్టావేంటి మామా?"

"తిట్టే పని చేశాడు కాబట్టి."

"తిడితే ఆయనకు కోపం వస్తుంది. కోపం వస్తే వీళ్ళ సంగతేంటో చూద్దామని నిజంగానే వస్తాడు. ఆయన వచ్చేదాకా మళ్ళీ మేమే పట్టుకుని నిలబడాలి. మర్యాదగా రాయి."

అందుకని ఇది మర్యాదగా రాసిన ప్రతి. ఇంతకు మించిన మర్యాద నా దగ్గర లేదు. తమరు రావద్దు. తాళంచెవి పంపండి.