దవాఖాన తాళం

గుట్టకిందిపల్లి, నెక్కొండ మండలం
మార్చి 3

'తోరణం' దినపత్రిక డెస్క్ ఇన్‌చార్జ్ సారంగపాణి గారికి,

మీ మండల విలేకరి తిరుమల నమస్కరించి రాసేది. వాట్సాప్‌లో పంపిన వార్తలు పేజీలోకి రాకముందే మా నాయకుడు రాజేశ్వర్ రావు గారి ఫోన్‌లోకి చేరుతున్నాయి. అందుకే ఇది కవర్లో పెట్టి బస్సు డ్రైవర్‌కు ఇచ్చాను.

మూడేళ్ల కింద తన పుట్టినరోజు నాడు ఆయన మా ఊరి దవాఖానకు రిబ్బన్ కత్తిరించారు. ఆ సాయంత్రమే తాళం పడింది. ఇంతవరకు తీయలేదు. మొన్న మా యాకమ్మ వదిన ఆ గేటు ముందే ఆటోలో ప్రసవించింది. తాళం ఫోటో జత చేశాను.

ఇట్లు,
తిరుమల

తా.క.: పాప బాగుంది. ఆటో సీటే మార్చాలట.

---

హన్మకొండ
మార్చి 5

అమ్మా తిరుమలా,

ఆశీస్సులు. వార్త మస్తుగుంది, జర సానబట్టి వేశాం. శీర్షిక చూశావా? "రాజేశ్వర్ రావు చొరవతో సాఫీ రోడ్డు: ఆటోలోనే సుఖప్రసవం!"

నీ మేలుకోరే,
సారంగపాణి

తా.క.: తాళం ఫోటోలో కళ లేదు. బదులుగా సార్ ఫోటో వేశాం.

---

గుట్టకిందిపల్లి
మార్చి 6

సారంగపాణి గారికి,

నమస్కారం రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తున్నాను.

మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. రోజూ పొద్దున్నే అమ్మకు పేపర్ చదివి వినిపిస్తాను. నిన్న ఈ వార్త సగంలో ఉండగానే ఆపింది.

"గిది నువ్వే రాసినవా బిడ్డా?"

పేపర్ మడిచి పక్కన పెట్టాను.

"పేపరు సుత అబద్ధం చెప్తే, ఓటు ఎవలికెయ్యాల్నో మాకెట్ల ఎరుకైతది?" అంది.

దీనికి జవాబు మీరే రాసి పంపండి, చదివి వినిపిస్తాను. నొప్పులు మా వదినవి, పేరు ఆయనదా? తాళం గురించి ఒక్క ముక్కయినా వేస్తారా, వేయరా?

ఇట్లు, ఒళ్లు మండుతున్న
తిరుమల

తా.క.: ఆ సాఫీ రోడ్డు గుంతల్లోనే నొప్పులు ఎక్కువయ్యాయట. "గా సార్‌ను ఒక్కసారి గదే ఆటోల తోలుకపోండ్రి" అంటోంది వదిన.

---

హన్మకొండ
మార్చి 8

అమ్మా తిరుమలా,

నీ కోపం అర్థమైంది. వార్తకు నీ పేరు వేయలేదు, అంతే కదా? ఈసారి ఫోటోతో సహా వేస్తాం, ఫికర్ చేయకు.

పన్నెండున సార్ పుట్టినరోజు. మీ ఊరి నుంచి అరపేజీ శుభాకాంక్షల ప్రకటన రావాలి. పద్ధతి తెలుసు కదా: పైన పెద్ద ఫోటో, కింద వరసగా ఊరివాళ్లు, చేతులు జోడించి.

నీ మేలుకోరే,
సారంగపాణి

తా.క.: దాన్ని నేరుగా పేజీలు పెట్టేవాళ్లకే పంపు. శుభాకాంక్షలు మేం చదవం. ఒక్క అక్షరం కూడా కొయ్యం.

---

గుట్టకిందిపల్లి
మార్చి 13

సారంగపాణి గారికి,

నమస్కారం. ఈసారి మనస్ఫూర్తిగానే.

నిన్న అరపేజీ చూశాం. మాట నిలబెట్టుకున్నారు, ఒక్క అక్షరం కొయ్యలేదు. మీరు చదివి ఉండరు కాబట్టి మళ్లీ రాస్తున్నాను:

"గుట్టకిందిపల్లి దవాఖాన తాళానికి మూడో పుట్టినరోజు శుభాకాంక్షలు! ఏ చెయ్యీ తగలకుండా నువ్విలాగే నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఇట్లు, ఆటోలో పుట్టిన పాప, తల్లి యాకమ్మ, ఊరి ఆడవాళ్లు."

పైన పూలదండ వేసిన తాళం. కింద చేతులు జోడించి ముప్పై ఆరుగురం. ఖర్చు పొదుపు సంఘం అక్కలు తలాకొంత వేసుకున్నారు.

అమ్మకు చదివి వినిపించాను.

"గిది నువ్వే రాసినవ్" అంది. ఈసారి అడగలేదు.

తొమ్మిదింటికల్లా అధికారుల జీపు వచ్చింది. తాళంచెవి ఎవరి దగ్గరా లేదు, సుత్తితో పగలగొట్టారు. లోపల మంచం లేదు, మందుగోలీ లేదు. రాజేశ్వర్ రావు గారి మూడేళ్ల కిందటి పుట్టినరోజు ఫ్లెక్సీలు మాత్రం గది నిండా ఉన్నాయి.

ఇట్లు,
మీ విలేకరి తిరుమల

తా.క.: ఫ్లెక్సీల వార్త జత చేశాను. వార్తగానే వేస్తారా, శుభాకాంక్షలుగా పంపమంటారా? ఫోటోల కోసం ఈసారి మగవాళ్లు కూడా వరసలో నిలబడ్డారు.