పధ్నాలుగో బెడ్డు, పది గంటల మాత్ర

2007 జూలై 9, సోమవారం

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా రైల్లో ఇవాళ కూడా నిలబడే. ఫారాల సంచి గుండెలకి హత్తుకుని... సగం ఫారాలు ఇంకా ఖాళీ. సెలవు ఈ నెలాఖరుతో సరి. నర్సింగు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉన్నదాన్ని. ఈ వయసులో ఎమ్మెస్సీ ఏమిటి, థీసిస్ ఏమిటి, అందులోనూ పార్కిన్సన్స్ ఏమిటి! ఎవరూ బలవంతపెట్టలేదు, నా నెత్తిన నేనే పెట్టుకున్నాను.

ఇవాళ ఒక కేసు దొరికింది. పధ్నాలుగో బెడ్డు. వెంకటస్వామి గారు, కొల్లేరు లంకల మనిషి, దోనె నడిపి బతికినాయన. ఏడేళ్ళుగా పార్కిన్సన్స్. ఇప్పుడు న్యుమోనియా, నిన్న సాయంత్రం చేర్చారు. నాకు కావలసింది సరిగ్గా ఇలాంటిదే. ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరిన పార్కిన్సన్స్ మనిషికి, ఇంటి దగ్గర వేసుకునే వేళకే మాత్ర అందుతోందా లేదా... చూడాలి, రాయాలి. అంతవరకే. కల్పించుకోకూడదు.

'దొరికింది' అని రాశాను పైన. దొరకడానికి ఆయనేమైనా చేపా.

మాత్రలు ఎన్నింటికి వేస్తారని భార్యని అడిగాను. నాగరత్నం గారు. గడియారం చూడడం రాదావిడకి. "ఐసు లారీ వచ్చినప్పుడొకటండీ. బడిలో ఇంటర్‌బెల్లు కొడితే ఒకటండీ. మధ్యాన్నం బస్సు తిరిగెళ్ళేటప్పుడొకటండీ. దీపం పెట్టగానే ఒకటండీ." ఆదివారం బడి ఉండదు కదండీ అన్నాను. "ఎండ చూసుకుంటానండీ. మబ్బేస్తే పక్కింటోళ్ళనడుగుతానండీ." ఇద్దరం కూర్చుని లెక్క తేల్చాం. ఆరు, పది, రెండు, ఆరు. ఏడేళ్ళలో ఒక్కటీ తప్పలేదట. సర్కారోళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక కొడుకులు పనికి గణపవరం వైపు వెళ్ళిపోయారు. చూసుకునేది ఈవిడొక్కతే.

మంచం తలవైపు అట్టముక్క కట్టారు, 'నోటితో ఏమీ ఇవ్వరాదు' అని. మింగినది ఊపిరితిత్తుల్లోకి పోతోందని డాక్టరు గారి ఆర్డరు. సబబే. కానీ దాంతోపాటు ఈ మాత్ర కూడా ఆగిపోయింది. నూరి, ముక్కులో గొట్టం వేసి పంపవచ్చు. ఎవరికీ తట్టలేదు. ఇంటినుంచి తెచ్చిన డబ్బా, బయటి మందులని చెప్పి, స్టాఫ్ నర్సు కళావతి గారు అలమారలో పెట్టి తాళం వేశారు.

పది గంటల గడి... ఇవ్వలేదు. రెండు గంటల గడి... ఇవ్వలేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. నా దస్తూరిని థీసిస్ గైడ్ మేడం ఎప్పుడూ మెచ్చుకుంటారు.

జూలై 10, మంగళవారం

ఉదయం ఆరు - ఇవ్వలేదు. పది - ఇవ్వలేదు.

కళావతి గారు మురిసిపోతున్నారు. "పధ్నాలుగు ఎంత మర్యాదస్తులండీ! గొంతెత్తి ఒక్క మాట అనరు. అటు వెళితే చాలు, ఏవండీ ఏవండీ అంటారు. ఏం కావాలండీ అంటే ఇంకేమీ అడగరు, పాపం." నేనూ నవ్వాను. మా వైపు మెల్లగా మాట్లాడడం ఒక గొప్ప కదా.

నాగరత్నం గారు నవ్వలేదు. "ఈయన మెల్లగా మాట్లాడ్డమేంటండీ. అవతలి గట్టు మీదున్నోళ్ళని ఇవతల్నించి కేకేసి పిలిచేవోరండీ."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. క్లాసులో నేనే చెబుతాను. ఈ జబ్బులో గొంతు సన్నబడుతుంది, మొహంలో కదలిక పోతుంది, కోపమనుకోకండి, పొగరనుకోకండి అని. మర్యాద అనుకోకండి అని మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. ఏవండీ తర్వాత ఇంకో మాట ఉంది.

మాత్ర.

రెండు రోజులుగా అడుగుతున్నారు. మేము మెచ్చుకుంటున్నాం.

వరండాలోకి వచ్చి గైడ్ మేడంకి ఫోన్ చేశాను. "నువ్వు కల్పించుకున్నావంటే అది పరిశీలన అవదమ్మా. పర్మిషన్ లెటరు మీద ఏమని సంతకం పెట్టావు? నీ తర్వాత వచ్చే పిల్లల్ని వాళ్ళు గుమ్మం తొక్కనిస్తారా?" అన్నీ నిజాలే. నిజాలు విని, తిరిగి వచ్చి, రెండు గంటల గడి నింపాను.

జూలై 11, బుధవారం

జ్వరం నూటమూడు. మోచెయ్యి వంచబోతే వంగలేదు. కళ్ళు మాత్రం అటూ ఇటూ కదులుతున్నాయి. గొంతులో కఫం గురగుర... దగ్గే శక్తి లేదు.

డాక్టరు గారు రౌండ్సుకి వచ్చి, "ఇన్ఫెక్షన్ లొంగట్లేదు, యాంటీబయాటిక్ మారుద్దాం" అన్నారు. ఇంజెక్షన్ మారింది. ఎన్ని మార్చినా ఏం లాభం? కఫం బయటికి రావాలంటే దగ్గాలి. దగ్గాలంటే ఒళ్ళు సడలాలి. సడలాలంటే మాత్ర పడాలి. ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు బిగుసుకుని, దానివల్లే జ్వరం కూడా రావచ్చు. ఇదంతా నాకు తెలుసు. పుస్తకం నా సంచిలోనే ఉంది.

డాక్టరు గారి వెనకే మెట్ల దాకా వెళ్ళాను. డాక్టరు గారండీ అన్నాను. ఆగారు. చెప్పండి అన్నారు. "ఏం లేదండీ... ఫారం మీద మీ సంతకం." పెట్టారు. తీసుకుని వచ్చాను.

ఛీ.

ప్రభువా, ఇది ఏ పాపం కిందికి వస్తుంది? నేను ఏమీ చెయ్యలేదు. చూస్తూ కూర్చున్నాను.

జూలై 12, గురువారం

ఫారం చించేశాను. నాలుగు ముక్కలు చేసి సంచిలో వేసుకుని డాక్టరు గారి గదికి వెళ్ళాను. "పధ్నాలుగో బెడ్డు నా స్టడీలో లేరండీ ఇక. మామూలు మనిషిగా చెబుతున్నాను. ఆయనకి ఆదివారం నుంచీ పార్కిన్సన్స్ మాత్ర పడలేదండీ."

డాక్టరు గారు కేసు షీటు తెప్పించుకుని రెండుసార్లు చదివారు. మొహం పాలిపోయింది. "నోటితో వద్దన్నాను గానీ ఆ మాత్ర ఆపమనలేదు కదండీ" అన్నారు. కళావతి గారు వచ్చి, "నోటితో వద్దంటే ఏ దారిన వేస్తామండీ" అన్నారు. ఇద్దరివీ న్యాయమైన మాటలే. ఆ రెండు మాటల మధ్య వెంకటస్వామి గారు బిగుసుకుపోయి పడి ఉన్నారు.

పదకొండింటికి గొట్టం వేసి, మాత్ర నూరి పంపారు.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అరగంట... ఏమీ లేదు. ఇంకో పావుగంట... బొటనవేలు కదిలింది. పన్నెండు దాటాక మోచెయ్యి వంగింది. కాసేపటికి దగ్గారు. అంత దగ్గు ఆ మనిషిలో ఎక్కడ దాక్కుందో, వార్డంతా తిరిగి చూసింది! నాగరత్నం గారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. దేవుడికి కాదు, నాకు.

బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

జూలై 13, శుక్రవారం

జ్వరం కొంత దిగింది. ఊపిరితిత్తి మాత్రం బాగా దెబ్బతింది, ఆక్సిజన్ తీయలేదు. "ఇంకో రెండు రోజులు గడవాలండీ. ఒక్క మాత్ర కూడా తప్పకూడదు" అన్నారు డాక్టరు గారు. ఆర్డరు ఎర్ర సిరాతో రాశారు. ఆరు, పది, రెండు, ఆరు.

ఫారం చించానని గైడ్ మేడం మండిపడ్డారు. "మళ్ళీ రాయి. ఇంతకన్నా మంచి కేసు నీకు జన్మలో రాదు." మంచి కేసు!

వరండాలో భోజనాల వేళ. నాగరత్నం గారు అన్నం కలుపుకుంటూ, మామూలుగానే అడిగారు. "మాత్ర ఆగిపోయిందని మీకెప్పుడు తెలిసిందండీ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నిన్న అనవచ్చు. ఎవరు చూడొచ్చారు?

సోమవారం అన్నాను.

కలుపుతున్న చెయ్యి ఆగింది. "మరి చెప్పలేదేమండీ."

తిడితే బాగుండును. ఆ మాట చివర కూడా అండీ వదల్లేదు. లెటరు, సంతకం, పరిశీలన... ఆవిడకి ఏమని చెప్పను, నాకే అసహ్యంగా ఉంటే.

చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చున్నారు. "ఈళ్ళు ఏది ఏస్తున్నారో ఏది ఆపుతున్నారో మాకేం తెలుస్తాదండీ. మీకు తెలుసు. ఇకనించీ మీరు పక్కనుండి చూస్తేనే ఏయనిస్తానండీ."

అది కుదరదని అప్పుడే చెప్పాల్సింది. నేను చెప్పింది, "ప్రతి మాత్రకీ ఉంటానండీ." ఒట్టేనా అండీ అన్నారు. ఒట్టు అన్నాను. నన్ను క్షమించినట్టే అనిపించి, గుండె తేలికపడి, అలా అనేశాను. నా సుఖం కోసం అన్నాను.

సాయంత్రం ఆరు గంటలది చూసి బండెక్కాక గుర్తొచ్చింది. మరి ఉదయం ఆరుది? కళావతి గారికి ఫోన్ చేశాను. నాగరత్నం గారికి సర్దిచెప్పి వేయించండి అన్నాను. అలాగేనండీ అన్నారు.

జూలై 14, శనివారం. బండిలో

9.20. భీమడోలులో ఆపేశారు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందట, అది దాటాకే మనది.

9.30. కళావతి గారి ఫోను. "ఎక్కడున్నారండీ? ఆరు గంటల మాత్ర వెయ్యనివ్వలేదండీ ఆవిడ. గొట్టం గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. మీరు చూడాలంట. డాక్టరు గారు చెప్పినా వినట్లేదు. పధ్నాలుగు మళ్ళీ బిగుసుకుంటున్నారండీ."

9.50. కదల్లేదు. బయట వాన. ఊడ్పుల చేలల్లో ఆడవాళ్ళు గోనెసంచులు కప్పుకుని వంగి ఉన్నారు. ఎదుటి సీటాయన, కంగారు పడకండమ్మా, ఇది రోజూ ఉండేదే అంటున్నాడు.

10.05. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. మాది కదల్లేదు. ఫోన్ చేసి నాగరత్నం గారికి ఇమ్మన్నాను. "వెయ్యనివ్వండి నాగరత్నం గారూ. నేను చెబుతున్నాను కదా, అదే మాత్ర. మీ డబ్బాలోదే." పెట్టెలో అందరూ నా వైపే చూస్తున్నారు, అంత అరుస్తున్నాను. ఆవిడ గొంతు మాత్రం నిదానంగా ఉంది. "మీరు చూడకుండానాండీ? ఒట్టేశారు కదండీ. కంగారు పడకుండా రండి. నేను పట్టుకునే ఉంటానండీ."

ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవడం లేదు.

10.25. ఇంకా ఇక్కడే. పది గంటల మాత్ర వేళ కూడా దాటిపోయింది.

10.45. రోడ్డు మీద, కిళ్ళీ కొట్టు చూరు కింద. ఆగలేక దిగేశాను. బస్సు పట్టుకుందామని గేటు దాటుతుంటే వెనక బండి కూత వేసింది. బురదలో పరుగెత్తాను, అందలేదు. బస్సు ఇంకా రాలేదు.