పందొమ్మిదా, ఇరవై అయిదా

ఆగస్టు 4, మంగళవారం

ఈ రోజు సగం దారిలో కారు దిగి నడిచి ఇంటికొచ్చాను. చెప్పులు చేత్తో పట్టుకుని.

పదకొండేళ్ళపాటు ఇంటి వెనక రేకుల గదిలో పడి మా ఆయన బాగుచేసుకున్న బండి. పాతకాలపు స్పోర్ట్స్ కారు. ఎర్ర రంగు, రెండే సీట్లు. అందులో కూర్చోవడమంటే బావిలోకి దిగడమే. ముచ్చటపడుతున్నారు కదా అని గుండె గుప్పెట్లో పెట్టుకుని ఎక్కాను. పోస్టాఫీసు మలుపు దాకా బాగానే ఉంది. మలుపులో బండి మొత్తం నా వైపుకి ఒరిగిపోయింది. నా చెవి రోడ్డుకి రాసుకుంటుందనుకున్నాను.

ఆపమని అరిచాను. పాత బండి ఆ మాత్రం ఒరగదా అన్నారు. ఒరిగే బండిలో కూర్చోనని దిగిపోయాను. ఆయన నా పక్కనే నడక వేగంతో నడుపుకుంటూ ఇంటిదాకా వచ్చారు. వీధంతా చూసింది.

ఆగస్టు 5, బుధవారం

పొద్దున్నుంచి ఆయన రేకుల గది వైపే వెళ్ళలేదు. సాయంత్రం నేను గిన్నెలు సర్దుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అది రెండు సీట్ల బండి. ఒకటి ఖాళీగా పెట్టుకుని ఊరేగడానికి నాకేం పని? అమ్మేస్తాను."

కోపంగా అనలేదు. అదే నా భయం. ఇదివరకే మూడుసార్లు ఆ బండి అడిగిన కళ్ళజోడాయనకి ఫోన్ కూడా చేశారు.

అమ్మేస్తే ఆయన రోజంతా ఏం చేస్తారు? పని లేని మనిషికి రోగాలొస్తాయి. రోగాలు రాకపోతే వంటింట్లోకొచ్చి నాకు వంట నేర్పుతారు. రెండింట్లో ఏది ఎక్కువ భయమో తేలడం లేదు.

ఆగస్టు 6, గురువారం

ఉండబట్టలేక షెడ్డమ్మాయి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళ నాన్న పోయాక మెకానిక్ షెడ్డు తనే చూసుకుంటోంది. నలభై దాటింది, అయినా నాకు అమ్మాయే. నన్ను పిన్నీ అంటుంది, ఆయన్ని బాబాయ్ అంటుంది.

బండి ఒరగకుండా మందు లేదా అని అడిగాను. ఉందంది. ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడుగున ఒక ఇనప కడ్డీ ఉంటుందట. స్వే బార్. మలుపులో ఒక పక్క కుంగితే ఆ కడ్డీ మెలి తిరిగి, లేచిన పక్కని కిందికి లాగి బండిని సమంగా ఉంచుతుందట. మన బండిది పుట్టినప్పటి సన్న కడ్డీ, పదహారు మిల్లీమీటర్లు. కేటలాగులో ఇంకో మూడున్నాయి. పందొమ్మిది, ఇరవై రెండు, ఇరవై అయిదు. నాకు అర్థమవాలని తన బొటనవేలు చూపించి పందొమ్మిదంది, నేల తుడిచే కర్ర చూపించి ఇరవై అయిదంది.

సాయంత్రం ఆయన్ని కూడా పిలిపించింది. రోడ్డు మీద తిరిగే బండికి పందొమ్మిది చాలని ఇద్దరూ ఒక్కమాట మీదకొచ్చారు. ఆ మూడు మిల్లీమీటర్లకే కడ్డీ బలం రెట్టింపవుతుందట. ఇరవై అయిదు పెడితే ఆరింతలట, అది పందేలవాళ్ళకట. ఇంకా ఏదో చెప్పింది, నేను వినలేదు. ఆరింతలు అన్న దగ్గరే నా మనసు ఆగిపోయింది.

కడ్డీ వచ్చాక ఒక్కసారి నేను ఎక్కి చూడాలి. నచ్చకపోతే అమ్మేయడమే. అలా ఒప్పందం.

ఆగస్టు 7, శుక్రవారం

మూడు మిల్లీమీటర్లు. రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెడితే అంత. దాని మీదా ఇద్దరి ప్రాణాలు ఆనడం?

ఆయన స్నానానికి వెళ్ళగానే షెడ్డమ్మాయికి ఫోన్ చేశాను. మీ బాబాయ్ మనసు మార్చుకున్నారు, ఇరవై అయిదే తెప్పించమన్నారు అని చెప్పాను. అంత లావా అని రెండుసార్లు అడిగింది. నిన్నొక మాట, ఇవాళొక మాట అంటే ఆయనకి నామోషీ, ఆయన ముందు ఎత్తకు అన్నాను. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. బాగానే అతికింది.

ఆగస్టు 12, బుధవారం

కడ్డీ బిగించారు. ఆ పూటకి ఆయన్ని కరెంటాఫీసుకి పంపాను, మీటరు తేడాగా తిరుగుతోందని. మీటరుకేమీ కాలేదు.

ఆగస్టు 13, గురువారం

పోస్టాఫీసు మలుపులో బండి భోజనాల బల్లలా నిలబడింది. ఒరగలేదు. నేను అరవలేదు. ఆయన నా వైపు చూసి నవ్వితే, రోడ్డు చూడమన్నాను.

ఒక్కటే ఇబ్బంది. ఒక చక్రం గుంటలో పడితే రెండు పక్కలా ఎగిరి పడుతోంది. ఇంటికొచ్చేసరికి పెట్టుడు పళ్ళు సర్దుకోవాల్సొచ్చింది. పందొమ్మిదికే ఇంత బిరుసా అని ఆయన తనలో తనే అనుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కళ్ళజోడాయన్ని రావద్దన్నారు. బండి ఉంటుంది.

ఆగస్టు 14, శుక్రవారం

చెప్పలేదు.

ఆగస్టు 17, సోమవారం

తుంపర పడుతోంది. వద్దన్నాను, మందులషాపు దాకే కదా అన్నారు.

మెల్లగానే వెళ్తున్నాం. అదే మలుపు. ఆయన స్టీరింగ్ తిప్పారు. తిప్పడం నేను కళ్ళారా చూశాను. బండి మాత్రం తిరగలేదు. దాని ముక్కు ఎటుందో అటే నిటారుగా పోయింది. పోయి పోయి పళ్ళ డాక్టరుగారి పూలమొక్కల్లో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరుగారు గొడుగేసుకుని వచ్చి ముందు నా పళ్ళ సంగతి అడిగారు, తర్వాత మొక్కల సంగతి చూసుకున్నారు.

మామూలుగా అయితే నేను ఊరంతా వినపడేలా ఏడ్చేదాన్ని. ఏడవలేదు. ఆయన స్టీరింగ్ మీద పెట్టిన చేతుల్ని అదే పనిగా చూసుకుంటున్నారు. అటు తిప్పి, ఇటు తిప్పి.

"చేతులకి వయసైపోయిందే. తిప్పాననుకున్నాను, తిప్పలేదు. ఇక నేను నడపకూడదు."

అన్నం సయించలేదు. ఇద్దరికీ.

ఆగస్టు 18, మంగళవారం

పొద్దున్నే కళ్ళజోడాయన్ని మళ్ళీ రమ్మన్నారు. శనివారం వస్తాడట.

నేను షెడ్డుకి పరుగెత్తాను. నా పరుగు ఎంతలే, అయినా పరుగే. అంతా చెప్పేశాను. షెడ్డమ్మాయి ముందు నోరు తెరిచింది, తర్వాత టైరు మీద కూలబడి నవ్వింది, తర్వాత తిట్టింది. ముందు కడ్డీ మరీ బిరుసైతే తడిరోడ్డు మీద ముందు చక్రాలు పట్టు వదిలి బండి మలుపు తిరగనంటుందని ఆ రోజే చెప్పిందట. నేను వినని మాట అదే. బాబాయ్‌ని ఒక్కమాట అడగకుండా బిగించినందుకు తనకీ బుద్ధి లేదంది. అయినా ఆయనకి చెప్పాల్సింది నువ్వే పిన్నీ, నేను చెప్పను అంది.

ఇంటికొచ్చాను. ఆయన బండి కడుగుతున్నారు, అమ్మేవాళ్ళు కడిగినట్టు.

"ఏమండీ, అది పందొమ్మిది కాదు. ఇరవై అయిదు. నేనే మార్పించాను."

ఆయన గుడ్డ పిండి ఆరేశారు. లోపలికెళ్ళి కొలిచే పరికరం తెచ్చుకుని, ఆ నొప్పుల మోకాళ్ళతోనే బండి కిందకి దూరారు. నాకు కాళ్ళు రెండే కనిపిస్తున్నాయి. తిడతారని ఎదురుచూశాను. పెళ్ళయిన నలభై తొమ్మిదేళ్ళలో దాచుకున్న తిట్లన్నీ ఇవాళే బయటికొస్తాయనుకున్నాను.

బండి కిందనుంచి మాట వచ్చింది.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట."

ఆ తర్వాత నవ్వు. ఎంతసేపటికీ బయటికి రారే. నవ్వుతూ అక్కడే పడుకున్నారు. నేను మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

కళ్ళజోడాయనకి మళ్ళీ ఫోన్. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అని అడిగాడట ఆ మనిషి.

ఆగస్టు 21, శుక్రవారం

పందొమ్మిది బిగించారు. ఈసారి ఆయన ఎదుటే. నేను స్టూలు వేసుకుని లైటు పట్టుకున్నాను. కడ్డీని పట్టుకునే రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే గట్టిగా బిగించాలట. ఆనలేదేమోనని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి షెడ్డమ్మాయి లైటు తనే తీసుకుంది.

మళ్ళీ తుంపర. మళ్ళీ ఆ మలుపు. బండి కొంచెం ఒరిగింది, పక్కవాళ్ళు ఏదో చెప్తే చెవి ఒగ్గినంత. ఒరిగి, చెప్పినట్టు తిరిగింది. డాక్టరుగారు మొక్కల ముందు నిలబడి ఉన్నారు. మేం దాటిపోయాక లోపలికెళ్ళారు.

ఎలా ఉందని అడిగారు ఆయన. భయంగానే ఉందన్నాను. దిగుతావా అన్నారు. ఇంకోసారి తిప్పమన్నాను.

ఆగస్టు 23, ఆదివారం, ఉదయం ఆరున్నర

ఆయన ఇంకా లేవలేదు. కారులో కూర్చుని రాస్తున్నాను. ఆయన సీటులో.

ఊరికే చూశాను. క్లచ్ కాలికి అందుతోంది.